రిపోర్టులో లేని కాల్షియం

భయపడుతూ వచ్చేవాళ్ల కోసం నిదానంగారు తన ఆఫీసు గదిలో ఒక మెత్తటి కుర్చీ వేయించారు. ఆ రోజు పొద్దున మెట్లెక్కి వచ్చిన ఆవిడ ఆ కుర్చీ వంక చూడనైనా లేదు. తెల్ల యూనిఫాం మీద స్వెట్టరు వేసుకుని, చేతిసంచీ బల్ల మీద పెట్టి, నిలబడే మాట్లాడింది.

"కూర్చోండమ్మా" అన్నారు నిదానంగారు.

"కూర్చోనండి. కూర్చుంటే ఏడుపొస్తుంది. ఈ విషయంలో ఏడవకూడదని ఒట్టు పెట్టుకున్నాను."

నిదానంగారి అసలు పేరు చాలామందికి తెలియదు. ఎవరు ఎంత కంగారుగా వచ్చినా "నిదానం, నిదానం" అనే అలవాటు వల్ల ఆ మాటే పేరైపోయింది. ప్రైవేటు డిటెక్టివ్ కాకముందు ఆయన బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసేవారు. అబద్ధం చెప్పేవాడి గొంతు ఏ మాట దగ్గర పలచబడుతుందో అక్కడే నేర్చుకున్నారు. ఆయనకి సహాయకురాలు సొంత మేనకోడలే. మావయ్య దగ్గినా అందులో ఏదో తర్కం ఉంటుందని ఆ పిల్ల నమ్మకం.

వచ్చినావిడ ఒక పెద్ద ఆసుపత్రిలో మగవాళ్ల వార్డుకి హెడ్ సిస్టరు.

"ఇవాళ సాయంత్రం నా మీద విచారణ. పొరపాటు నాదేనని రాసిస్తే ఉద్యోగం తీసెయ్యడంతో సరిపెడతారట. రాయకపోతే నర్సుగా నా రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, పోలీసులకి అప్పగిస్తారట. నేను రాయను. చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పేకంటే జైలే నయం."

"నిదానం. ఏం జరిగింది?"

"మా వార్డులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. వాంతులతో వచ్చారు. మొన్న పొద్దున రక్తపరీక్షలో పొటాషియం రెండు పాయింట్ తొమ్మిది. మూడున్నర నుంచి అయిదు దాకా ఉండాలది. తగ్గినా పెరిగినా గుండె లయ తప్పుతుంది. అందుకని డ్యూటీ డాక్టరు సెలైన్‌లో పొటాషియం కలిపి నెమ్మదిగా ఎక్కించమన్నారు. కుడిచేతికి పెట్టాను, చుక్కలు సరిచూసి వదిలాను. సాయంత్రం మళ్లీ రక్తం పంపాలి. ట్రేలో గొట్టాలు సర్దాను. ఇంతలో చివరి మంచం పేషెంటుకి ఫిట్స్ వచ్చాయన్నారు. పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి గొట్టాలు నిండి ఉన్నాయి. డాక్టరుగారు తీశారనుకుని ల్యాబ్‌కి పంపేశాను."

"ఆయనేమంటారు?"

"నేనే తీశాననుకున్నారట."

నిదానంగారు మేనకోడలి వంక చూశారు. ఆమె అప్పటికే ముందుకి వంగి కూర్చుంది.

"రిపోర్టులో పొటాషియం ఎనిమిది పాయింట్ ఆరు వచ్చింది" అంది సిస్టరు. "ఇంకేముంది, సెలైన్‌లో కలపాల్సిన మందు నేను నేరుగా నరంలోకి ఎక్కించేశానన్నారు. పొటాషియం దించాలని ఇన్సులిన్, గ్లూకోజు ఇచ్చారు. కాసేపటికే మాస్టారి గుండె తడబడింది. ఐసీయూకి తీసుకెళ్లారు. ఆయన అల్లుడు వార్డు మధ్యలో నిలబడి నన్ను హంతకురాలన్నాడు. ఆయన కూడా డాక్టరే, అందరూ నమ్మేశారు."

"నిజంగానే నేరుగా ఎక్కిస్తే ఏమవుతుందండీ?" అని అడిగింది మేనకోడలు.

"గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. రిపోర్టు కోసం ఎవరూ కాచుకు కూర్చోనక్కర్లేదు."

నిదానంగారు తల ఊపి, "ట్రేలో ఏమేం పెట్టారు?" అని అడిగారు.

"సిరంజి, దూది, రెండు గొట్టాలు. ఊదా మూతది రక్తకణాలు లెక్కపెట్టడానికి. పసుపు మూతది పొటాషియం, కాల్షియం లాంటివి చూడటానికి."

"రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే రబ్బరు గొట్టమో?"

సిస్టరు ఒక్క నిమిషం ఆలోచించింది. "అది నా జేబులోనే ఉండిపోయింది. పెన్సిలంత లావుంటుంది. ఫిట్స్ పేషెంటు పక్కన నిలబడి జేబులో చెయ్యి పెడితే తగిలింది. అయినా దానికీ దీనికీ ఏంటండి?"

"నిదానం" అన్నారాయన, చెప్పులు తొడుక్కుంటూ.

*

సూపరింటెండెంటుగారి గది పెద్దది. అందులో ఉన్న మనసు మాత్రం, ఆ రోజుకి, కాస్త ఇరుకుగా ఉంది. బయటి మనిషి ఆసుపత్రి గొడవలో వేలు పెట్టడం ఆయనకి నచ్చలేదు. తన తరఫున ఒకరిని తెచ్చుకోవచ్చని ఆసుపత్రి నిబంధనల్లోనే ఉందని సిస్టరు గుర్తుచేశాక ఆయన నోరు మూతపడింది.

మాస్టారి కూతురు, అల్లుడు అక్కడే ఉన్నారు. అల్లుడు చర్మవ్యాధుల డాక్టరు. సొంత క్లినిక్కు. ఇస్త్రీ చెడని చొక్కా, ముదురు నీలం టై. కూతురి కళ్లు మాత్రం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఇందులో కనిపెట్టడానికేముంది?" అంటూ అల్లుడు రిపోర్టు కాగితాలు బల్ల మీద పడేశాడు. "ఎనిమిది పాయింట్ ఆరు. చదువు రానివాడికైనా అర్థమవుతుంది."

నిదానంగారు కళ్లజోడు పెట్టుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. "పొద్దుటి రిపోర్టులో కాల్షియం ఉంది, తొమ్మిది పాయింట్ రెండు. సాయంత్రం కూడా అవే పరీక్షలు రాశారు. ఈ కాగితంలో కాల్షియం వరస లేదేమండీ?"

"కాల్షియంతో ఏం పని మీకు? పొటాషియం కనబడటం లేదా?"

"కనబడుతోందండి. కనబడనిదాని గురించే అడుగుతున్నాను."

అల్లుడు పెదవి విరిచాడు. రక్తం తీసినప్పుడు ఎక్కడున్నారని అడిగితే వరండాలో ఫోను మాట్లాడుతున్నానన్నాడు. కూతురు సిస్టరు వైపు తిరిగి, "మా నాన్న మీకేం అన్యాయం చేశారు?" అంది. సిస్టరు ముఖం తిప్పుకోలేదు. "నేనూ ఆయనకేం చెయ్యలేదమ్మా. సాయంత్రానికి మీకే తెలుస్తుంది" అంది.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. మెడగుండీ ఊడిపోయిన చొక్కా, కోటు జేబులో స్టెతస్కోపు. నిద్ర చాలక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్సులిన్ ఇస్తే పొటాషియం ఎంత దిగుతుంది బాబూ?" అని అడిగారు నిదానంగారు.

"ఒకటి దిగుతుందండి. మహా అయితే ఒకటిన్నర."

"గంట తర్వాత ఐసీయూలో కొత్తగా రక్తం తీస్తే ఎంతుంది?"

"రెండు పాయింట్ రెండు. అంటే మందు బాగా..." డాక్టరు మాట అక్కడే ఆగిపోయింది.

"మాస్టారు లేచి ఉంటే ఈ తీసివేతకి మీకు సున్నా వేసేవారు. సరే, మందు ఇచ్చేముందు ఆయన ఎలా ఉన్నారు?"

"కళ్లజోడు ఎక్కడ దాచావని నాతో పోట్లాడుతున్నారు. నిజానికి ముందు ఈసీజీ తియ్యాలి. అంత పొటాషియం ఉంటే గుండె గీతలో తెలిసిపోతుంది. కానీ అల్లుడుగారు పక్కన నిలబడి, గీతలు గీస్తూ కూర్చుంటారా, మనిషి పోతున్నాడని అరిచారు. పెద్ద డాక్టరు కదా అని..." కుర్రవాడు తల దించుకున్నాడు.

"ఇంత తేడా వస్తే ల్యాబ్ వాళ్లు ఫోన్ చేస్తారుగా, మీరు మాట్లాడారా?"

"లేదండి. నేను కంప్యూటర్లో చూశాను."

ఐసీయూలో మాస్టారు కళ్లు తెరిచే ఉన్నారు. గొంతులోంచి గొట్టం అప్పుడే తీయడం వల్ల మాట రావడం లేదు. మాట్లాడించకూడదని అక్కడి నర్సు ముందే చెప్పింది. నిదానంగారు ఆయనకి నమస్కారం పెట్టి, చేతులు మాత్రం చూశారు. కుడిచేతి నిండా పాత పోట్లు. ఎడమ మోచేతి మడతలో మాత్రం ఒకే ఒక సూదిపోటు. మోచేతికి పైన, చుట్టూ కమిలిన నల్లటి చార, రెండు వేళ్ల వెడల్పున.

"రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు, చెయ్యి గట్టిగా పట్టుకున్నా కములుతుంది" అంది ఐసీయూ నర్సు. "అది మొన్న వార్డు నుంచి వచ్చినప్పటి నుంచీ ఉంది. మేం కట్టింది కాదు, రక్తం మెడ దగ్గరి గొట్టంలోంచే తీస్తున్నాం."

బయటికొచ్చాక మేనకోడలు ఆగలేకపోయింది. "మావయ్యా, నాకు తెలిసిపోయింది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీసుంటారు. సెలైన్‌లో పొటాషియం ఉందిగా."

"బాగానే ఉంది. కానీ సెలైన్ కుడిచేతికి, పోటు ఎడమచేతికి. పైగా సెలైన్ కలిస్తే మిగతావన్నీ పలచబడాలి. కిడ్నీ పరీక్ష పొద్దునెంతో సాయంత్రమూ అంతే ఉంది."

మేనకోడలి ఉత్సాహం చప్పబడింది. "ఒక మెట్టు ఎక్కావులే" అని ఆయన ముందుకి నడిచారు.

ల్యాబ్‌లో యంత్రాల రొద. టెక్నీషియన్ నడివయసు మనిషి, ప్రతి మాటకీ తలుపు వంక చూస్తున్నాడు.

"కాల్షియం ఎంత వచ్చింది?" అని అడిగారు నిదానంగారు, ఉపోద్ఘాతం లేకుండా.

అతను లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసొచ్చాడు. "మూడు పాయింట్ ఒకటి" అన్నాడు చివరికి. "ఎనిమిదిన్నరకి తగ్గకూడదు సార్. మూడుంటే ఒళ్లంతా కొంకర్లు పోవాలి. నమ్మబుద్ధి కాక దాన్ని ఆపి, వార్డుకి ఫోన్ చేశాను, ఇంకో శాంపిల్ పంపమని. ఎవరని అడిగితే 'డాక్టర్ని' అన్నారు. కాల్షియం సంగతి తర్వాత, ముందు పొటాషియం పంపు అని కసిరారు. పంపాను. తర్వాత ఇంత గొడవయ్యాక నోరు విప్పడానికి భయమేసింది."

"ఊదా మూత గొట్టం కూడా వచ్చిందా?"

"వచ్చింది, సగం కూడా లేదు. దాన్ని గీత దాకా నింపాలి."

నిదానంగారు బల్ల మీది ఖాళీ ఊదా మూత గొట్టం ఒకటి తీసి వెలుతురులోకి ఎత్తారు. లోపలి గోడకి పొడి అంటుకుని ఉంది. "ఏమిటిది?"

"రక్తం గడ్డకట్టకుండా వేస్తారు సార్. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈ పొడి దాన్ని పట్టేసుకుంటుంది."

గొట్టం చీటీ మీద సన్నని అక్షరాల్లో 'కె2 ఈడీటీఏ' అని ఉంది. నిదానంగారు అది చదివి, మళ్లీ చదివి, మేనకోడలి వైపు తిరిగారు.

"అమ్మాయ్, నీ చెయ్యి కాస్త అప్పివ్వాలి."

"పొడుస్తారా?" అంటూనే ఆమె స్లీవు పైకి మడిచింది.

*

సాయంత్రం సూపరింటెండెంటుగారి గదిలో అందరూ చేరారు. కమిటీ అంటే ఆయనా, పక్కన మాట్లాడని ఇద్దరు పెద్దమనుషులూ. బల్ల మీద తెల్లకాగితం, దాని మీద పెన్ను. కాగితం సిస్టరు వైపే ఉంది.

"మొదలుపెడదామా?" అన్నారు సూపరింటెండెంటు. "సిస్టర్, ఆఖరుసారి అడుగుతున్నాను. రాసిస్తారా?"

"ఆఖరుసారి చెప్తున్నాను సార్. రాయను."

నిదానంగారు లేచి, జేబులోంచి ఒక రిపోర్టు తీసి సూపరింటెండెంటు ముందు పెట్టారు. "ముందు ఇది చూడండి. ఈ పేషెంటు సంగతేమిటంటారు?"

ఆయన చూసి ఉలిక్కిపడ్డారు. "పొటాషియం పదకొండు, కాల్షియం రెండు. ఈ మనిషి బతికుండటానికి వీల్లేదు."

"మా మేనకోడలండి. మధ్యాహ్నం రెండు ప్లేట్ల అన్నం తిని, నా వాటా పెరుగు కూడా తినేసింది."

మేనకోడలు చెయ్యెత్తి నమస్కారం పెట్టింది. మాట్లాడని పెద్దమనుషుల్లో ఒకాయన గట్టిగా నవ్వేసి, దగ్గుతో కప్పుకున్నాడు.

"ఈ పిల్ల రక్తాన్ని మీ ల్యాబ్‌లోనే రెండు గొట్టాల్లోకి తీశారు. పసుపు మూతలోకి తిన్నగా తీసింది పరీక్షిస్తే అన్నీ మామూలుగా ఉన్నాయి. తర్వాత ఊదా మూత గొట్టంలో ఉన్న రక్తాన్ని ఇంకో పసుపు మూత గొట్టంలోకి వంపి పరీక్షించాం. ఇదిగో, ఇలా వచ్చింది. ఊదా గొట్టంలో ఉన్న పొడి పొటాషియం లవణం. చీటీ మీద ఉన్న 'కె' అంటే అదే. అది కాల్షియాన్ని మింగేస్తుంది, తన పొటాషియాన్ని రక్తంలో కలిపేస్తుంది. ఒకటి ఆకాశానికి, ఒకటి పాతాళానికి. రెండూ కలిసొస్తే తప్పు మనిషిలో లేదు, గొట్టంలో ఉంది."

నిదానంగారు టెక్నీషియన్ వైపు తిరిగారు. అతను లేచి, కాల్షియం మూడు పాయింట్ ఒకటి వచ్చిందనీ, తాను దాన్ని ఆపాననీ, తప్పు తనదీ ఉందనీ చెప్పాడు.

"మాస్టారికి పొటాషియం ఎప్పుడూ పెరగలేదు. సిస్టరు పెట్టిన సెలైన్ వల్ల రెండు పాయింట్ తొమ్మిది నుంచి ఏ మూడు పైకో వచ్చి ఉంటుంది. లేని పొటాషియాన్ని దించడానికి మందిచ్చారు. మందు తన పని చేసింది, ఒకటి దించింది. రెండు పాయింట్ రెండు మిగిలింది. గుండె తడబడింది అందువల్ల. ఎనిమిది పాయింట్ ఆరులోంచి ఒకటో ఒకటిన్నరో తీసేస్తే రెండు పాయింట్ రెండు ఎలా వస్తుందో ఈ ఆసుపత్రిలో ఇంతమంది డాక్టర్లలో ఒక్కరూ అడగలేదు."

సూపరింటెండెంటు ముఖం ఎర్రబడింది. "మరి ఆ రక్తం వంపిందెవరు?"

"అదే చిత్రం. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. సిస్టరు తీయలేదు, డ్యూటీ డాక్టరు తీయలేదు. తీసినవాడికి సూది పట్టడం వచ్చు. కానీ ఈ గొట్టాలతో పనిబడి ఏళ్లయింది. సిరంజిలో వచ్చిన కాస్త రక్తమూ ముందు ఊదా గొట్టంలో పోసేశాడు. పసుపుదానికి చాలలేదు. పెద్దాయన్ని రెండోసారి పొడవటానికి మనసొప్పక, మూత తీసి దీంట్లోంచి దాంట్లోకి వంపేశాడు. ఆ చేతిమీద పోటు ఒక్కటే ఉంది. అతనికి ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. చేతికి కట్టాల్సిన రబ్బరు గొట్టం సిస్టరు జేబులో ఉండిపోయింది. అందుకని ఒంటి మీదున్న గుడ్డతోనే కట్టాడు. రెండు వేళ్ల వెడల్పుండే గుడ్డ. మాస్టారి చేతిమీద ఆ మచ్చ ఇంకా ఉంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అల్లుడి చెయ్యి టై మీదికి పోయింది. కింద వేలాడే సన్నటి కొసని గబుక్కున చొక్కాలోకి దోపుకున్నాడు.

"ఇదంతా ఊహ" అన్నాడు. "నేను వరండాలో ఉన్నాను. కాల్షియం సంగతి తర్వాత చూడొచ్చు, ముందు..."

"ఆ గొంతే" అన్నాడు టెక్నీషియన్, చటుక్కున. "ఆ రోజు ఫోన్‌లో కసిరింది ఈయనే సార్."

"వరండాలో ఉన్నాయన వార్డు లోపలి ఫోనెలా ఎత్తారో మరి" అన్నారు నిదానంగారు.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. ఎవరివంకా చూడకుండా అన్నాడు. "మామగారి చేతుల్ని ఇప్పటికే జల్లెడ చేసేశారు. నేనైతే నొప్పి లేకుండా తీస్తాననుకున్నాను. వంపితే ఇలా అవుతుందని నాకు తట్టలేదు."

"అప్పుడు తట్టలేదు, ఒప్పుకుంటాను. జాలితో చేసిన పనే. చెప్పి ఉంటే ఎవరూ మిమ్మల్ని ఉరి తీసేవారు కాదు. కానీ ఐసీయూలో రెండు పాయింట్ రెండు అనగానే తట్టింది. ల్యాబ్ వాడు కాల్షియం గురించి ఎందుకు అడిగాడో అప్పుడర్థమైంది మీకు. అర్థమైన మరుక్షణం ఏం చేశారు? వార్డులోకి నడిచి, ఈవిడని హంతకురాలన్నారు. నేను అడుగుతున్నది గొట్టం గురించి కాదు డాక్టరుగారూ, దీని గురించి."

కూతురు అంతసేపూ మొగుడి ముఖంలోకే చూస్తోంది. "ఆవిణ్ణి తిట్టడానికి నన్ను కూడా వెంట తీసుకొచ్చారు" అంది మెల్లగా. "నా ఏడుపుని వాడుకున్నారు." అతను ఆమె చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నారు. బల్ల మీది తెల్లకాగితాన్ని మడిచి సొరుగులో వేసేశారు. గొంతులో ఇప్పుడు తేనె ఊరుతోంది. "సిస్టర్, జరిగిందేదో జరిగిపోయింది. రేపట్నుంచి మామూలుగా డ్యూటీకి వచ్చెయ్యండి. ఆసుపత్రి పరువు కూడా చూడాలి కదా. ఈ సంగతి ఈ నాలుగు గోడల మధ్యే ఉండనిద్దాం."

సిస్టరు లేచింది.

"నన్ను హంతకురాలన్నది ఈ నాలుగు గోడల మధ్య కాదు సార్. వార్డులో అన్నారు. పేషెంట్లు విన్నారు, వాళ్ల వాళ్లు విన్నారు, నేను పని నేర్పిన పిల్లలు విన్నారు. నేను మందు తీసుకెళ్తే ఒక ముసలాయన నోరు తెరవనన్నాడు. అక్కడ అన్న మాట అక్కడే వెనక్కి తీసుకోవాలి. లేకపోతే రేపు కాదు, ఎప్పుడూ రాను. పోలీసుల దగ్గరికి నేనే వెళ్తాను."

"మరీ అంత పట్టుదలైతే ఎలా..."

"ఎలాగో మీరే చూడండి. నాకు తెలిసింది ఇదొక్కటే."

సూపరింటెండెంటు నిదానంగారి వంక చూశారు, ఏదైనా సర్దిచెబుతారేమోనని. జీవితంలో మొదటిసారి ఆయన నిదానం అనలేదు. "త్వరగా పదండి" అన్నారు.

అందరూ వార్డులోకి నడిచారు. మంచాల మీదివాళ్లు లేచి కూర్చున్నారు. నర్సులు ట్రేలు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. సూపరింటెండెంటు నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పారు; ఆసుపత్రి తొందరపడిందన్నారు, సిస్టరు తప్పేమీ లేదన్నారు. తర్వాత అల్లుడి వంతు వచ్చింది. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. భార్య వెనకనుంచి, "పెద్దగా చెప్పండి. ఆ రోజు చాలా పెద్దగానే అన్నారు" అంది.

"రక్తం తీసింది నేను" అన్నాడతను. "తప్పు నాది. సిస్టర్ని అనకూడని మాటన్నాను. క్షమించండి."

మందు మింగనన్న ముసలాయన అవతలి మంచం మీద నుంచి సిస్టరు వైపు నోరు తెరిచి చూపించాడు.

సిస్టరు క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించింది. చేతులు కడుక్కుంది. గోడ గడియారం వంక ఒకసారి చూసి, వార్డంతా వినబడేలా, పాత గొంతుతో అంది.

"చూడటానికి వచ్చినవాళ్ల టైమ్ అయిపోయింది. అందరూ బయటికి పదండి. డాక్టరుగారూ, మీరు కూడా."